చుక్క

దాలినాయుడి బండి నిన్న రాత్రి
తాడు కట్టించుకుని వచ్చింది,
సుంకి ఘాటు సగం ఎక్కి, మిగతా సగం ఎక్కలేక.
ఎరువు బస్తాలు ఇంకా దించలేదు.
పందొమ్మిది వాయిదాలు కట్టిన బండి.
నలభై ఒకటి కట్టాల్సిన బండి.

టర్బో విప్పాను.
రెక్కల కొసలు ఎలక కొరికిన జంతికల్లా ఉన్నాయి.
ఇరుసు పట్టుకుని ఊపితే
ఊడబోయే పాలపన్నులా ఆడింది.
మూడో పిస్టన్ నడినెత్తిన చిల్లు,
పెనం మీద మరిచిపోయిన అట్టుకి పడ్డట్టు.

"ఏటైనాది బాబూ? వారంటీ ఉంది కదేటి" అన్నాడు.
పుస్తకం తీశాడు. ప్లాస్టిక్ కవరు లోపల
పైడితల్లమ్మ కుంకం, మొదటి పేజీ మీద, కంపెనీ ముద్ర పక్కనే.

వైరు తగిలించాను.
లాప్‌టాప్ అడిగింది, ఇంజను పెట్టె చెప్పింది.
దానికి మొహమాటం లేదు.
ఎవరో దాని లెక్క మార్చారు, డీజిలు ఎక్కువ తాగమన్నారు,
గాలి ఇంకా గట్టిగా ఊదమన్నారు,
ఆ తర్వాత మళ్లీ పాత లెక్కే పెట్టేశారు.
అక్షరం తేడా లేదు.
కానీ ఎన్నిసార్లు రాశారో
అది ఓ మూల గీతలు గీసుకుంటుంది.
కంపెనీ గీత ఒకటి ఉండాలి.
మూడున్నాయి.

అదొక్కటే అయితే ఎవరో అనుకునేవాణ్ణి.
గొట్టం క్లాంపు బోల్టు మీద
నీలం గోళ్లరంగు చుక్క.

రామభద్రపురం కూడలి. వంకాయ బస్తాల వెనక రేకుల షెడ్డు.
పదో తరగతి తప్పి, అక్కడ మూడేళ్లు
గ్రీజు తిన్నాను, తిట్లు తిన్నాను.
"సుక్క లేని బోల్టు బిగించని బోల్టురా గుంటడా" అనేవాడు
గౌరీసు. అప్పట్లో పంపు స్క్రూ పావు చుట్టు తిప్పితే
లారీ గొంతు మారిపోయేది.
ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లకి
కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చి లాప్‌టాప్ నేర్చుకున్నాడని విన్నాను.
నా జేబులోనూ ఉంది సీసా. నాది తెలుపు.

దాలినాయుడు బస్తా మీద కూలబడ్డాడు.
"తొమ్మిదేలు ఇచ్చినాను. ఎలా ఎక్కీదనుకున్నావు!
మూడో గేరులో, గేదె మీద కాకి కూకున్నట్టు, బరువే తెలీదు.
రాయపూర్‌కి నెలకో ట్రిప్పు ఎక్కువ తిరిగినాను.
ఆ ట్రిప్పే నా వాయిదా."
కాసేపాగి,
"ఆ గీతలు సెరిపీలేవేటి?"

చెరపడం ఎవరికీ రాదు. వచ్చినా,
నా సంతకం కింద నా ఉద్యోగం ఉంది.

ఫోను చేశాను.
అవతల చాలాసేపు గ్రైండరు చప్పుడు.
"నానే. కాళ్లట్టుకున్నాడని
రాతిరి బైకేసుకుని ఘాటుకెళ్లి పాతది పెట్టీసినాను.
పొగ నల్లగా వస్తే కాలు తియ్యమన్నాను, తియ్యలేదు.
తియ్యడని నాకూ తెలుసు, అదీ ఉంది.
ఉన్నది రాసీ."
తర్వాత, గొంతు తగ్గించి:
"సుక్క సూసినావా?"
చూశాను.
"బోల్టు వొదిలిందేటి?"
లేదు.
నవ్వాడో దగ్గాడో, గ్రైండరు మళ్లీ మొదలైంది.

రాశాను. 'అనధికార మార్పు. హామీ వర్తించదు.'
లక్షా అరవై రెండు వేలు, పన్ను కాక.
దాలినాయుడు సంతకం చేసి
పుస్తకం మళ్లీ కవరులో పెట్టుకున్నాడు, కుంకం రాలకుండా.

మధ్యాహ్నం గౌరీసు షెడ్డు నుంచి ఓ కుర్రాడు వచ్చాడు.
బండి లాక్కురమ్మన్నాడట.
పిస్టను డబ్బులు దాలినాయుడివి, కూలి లేదట,
ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేదట.

బస్తాలు వేరే లారీకి మారాయి.
లాగే కొక్కెం బోల్టు వదులుగా ఉంటే
నేనే బిగించాను.
జేబులో సీసా తీసి, మూత గట్టిగా పట్టేసింది,
పళ్లతో తిప్పి,
చుక్క పెట్టాను.